ఎం.ఏ. హిస్టరీ చదివించాలా, సివిల్స్ కోచింగ్‌కు పంపాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కొబ్బరి తోట, కొంత వరి ఉన్నాయి. మా అమ్మాయి రాజమండ్రిలో బీఏ హిస్టరీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. ఎం.ఏ. కూడా హిస్టరీయే చేస్తానంటోంది. మా బావమరిది మాత్రం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సివిల్స్ కోచింగ్‌లో చేర్చమంటున్నాడు, హిస్టరీ ఎలాగూ ఆప్షనల్‌గా పనికొస్తుందట. అమ్మాయి ఒక యూనివర్సిటీ హిస్టరీ డిపార్ట్‌మెంట్ వాళ్ల వార్తాలేఖ తెచ్చి చూపించింది. ప్రొఫెసర్లు ఎక్కడో పేపర్లు చదివారట, పిల్లలు గుళ్లూ గోపురాలూ చూసొచ్చారట, పాత విద్యార్థులంతా కలుసుకుని ఫొటోలు దిగారట. ఇందులో ఉద్యోగం ఎక్కడుంది? హిస్టరీ చదివించానని నేను ఎవరికి చెప్పుకోవాలి? రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, కోనసీమ

జవాబు: ఇది కొత్త ప్రశ్న కాదండి. డిగ్రీ ఆఖరి సంవత్సరం వచ్చేసరికి అమలాపురం నుంచి, పాలకొల్లు నుంచి, భీమవరం నుంచి ఏటా ఇదే అడుగుతారు. ఒకరి పిల్లలది హిస్టరీ, ఒకరిది తెలుగు, ఇంకొకరిది ఎకనామిక్స్. పైకి అడిగేది ఏ కోర్సు మంచిదని. లోపలున్న భయం మాత్రం మీ ఉత్తరంలో చివర్న ఒక్క ముక్కలో బయటపడింది: "నేను ఎవరికి చెప్పుకోవాలి?" ఆడపిల్లను పీజీ దాకా చదివించి ఖాళీగా ఇంట్లో కూర్చోబెట్టారని నలుగురూ అంటారేమోనన్న భయం అది. ముందు దానికే జవాబు చెబుతాను. పోలిక తర్వాత.

ఎం.ఏ. హిస్టరీ శ్రద్ధగా చేసిన పిల్ల ఖాళీగా కూర్చోదు. అయితే మొదటి జీతం చూసి మీ బంధువులు ఆశ్చర్యపోవడమూ ఉండదు. ఈ రెండు మాటలూ కలిపి వినండి. బీఎడ్ చేస్తే, టెట్, డీఎస్సీ రాసి హైస్కూల్లో సోషల్ స్కూల్ అసిస్టెంట్ కావచ్చు. పీజీ ఉంది కాబట్టి జూనియర్ లెక్చరర్ పోస్టులకు పోటీ పడొచ్చు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష పాసైతే డిగ్రీ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అర్హత వస్తుంది. అందులోనే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కూడా తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్ ఇస్తారు. అది కొద్దిమందికే వస్తుంది, కానీ వచ్చినవాళ్లలో మన పల్లెల పిల్లలూ ఉన్నారు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో పర్మనెంట్ అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాకుండా ఉండిపోయాయి. చాలాచోట్ల గెస్ట్ ఫ్యాకల్టీతోనే నెట్టుకొస్తున్నారు. కాబట్టి "ఎం.ఏ. అవగానే ప్రొఫెసర్" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ దారి నెమ్మదిగా సాగుతుంది, కానీ మధ్యలో తెగిపోదు.

ఇక ఆ వార్తాలేఖ. దాన్ని మీరు తీసి పక్కన పెట్టారు. నన్నడిగితే మీ అమ్మాయి మీ చేతిలో పెట్టినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చే కాగితం అదే. పిల్లలను కాలేజీల్లో చేర్చేటప్పుడు మనం భవనం చూస్తాం, హాస్టల్ చూస్తాం, ఫీజు అడుగుతాం. ఆ డిపార్ట్‌మెంట్‌లో మనుషులు ఏడాది పొడవునా ఏం చేస్తున్నారో మాత్రం అడగం. హిస్టరీలాంటి సబ్జెక్టుకు అసలు చూడాల్సింది అదే. దాన్ని ఎలా చదవాలో చెబుతాను, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ తీయండి.

ముందు అధ్యాపకుల సంగతులు. ఫలానా ప్రొఫెసర్ గారు ముఖ్య అతిథిగా విచ్చేశారు, శాలువాతో సత్కరించారు అనే వార్తలన్నీ దాటేయండి. పేపర్, అంటే పరిశోధన పత్రం, చదివారని ఉన్నచోట ఆగి, దేని మీద చదివారో చూడండి. చరిత్రకారుల సంఘమైన ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ 1935 నుంచి నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్ కూడా ఉంది. వీటి సభల్లో చదివిన పేపర్లలో ఎంపిక చేసినవి పుస్తకంగా అచ్చవుతాయి. ఒకే అధ్యాపకుడు మూడు నాలుగేళ్లుగా ఒకే అంశం మీద, అంటే కాలువల చరిత్ర మీదో, బౌద్ధ క్షేత్రాల మీదో, రేవుల వ్యాపారం మీదో వరసగా రాస్తున్నారంటే ఆయన నిజంగా పని చేస్తున్నారన్నమాట. ఏటా ఒక కొత్త సంగతి, అదీ దేశభక్తి వ్యాసంలాంటి శీర్షికతో కనిపిస్తే అక్కడ పరిశోధన పలచనని అర్థం. ఆయన పేరు పక్కన రీసెర్చ్ స్కాలర్ల పేర్లు, ఎం.ఏ. పిల్లల పేర్లు ఉన్నాయేమో కూడా చూడండి. పిల్లలను వెంటబెట్టుకుని సభలకు వెళ్లే అధ్యాపకుడు ఉన్నచోట మీ అమ్మాయికి సగం భయం పోతుంది.

తర్వాత విద్యార్థులు. "గుళ్లూ గోపురాలూ చూసొచ్చారట" అని రాశారు. విహారయాత్ర వేరు, ఫీల్డ్ వర్క్ వేరు. తేడా తెలియాలంటే పిల్లలు అక్కడ ఏం చేశారో అడగాలి. ద్రాక్షారామం మీరు ఎన్నోసార్లు వెళ్లుంటారు. ఆ గుడి స్తంభాల మీద, గోడల మీద ఉన్న వందల శాసనాల్లో ఒక్కదాని ముందైనా నిలబడ్డారా? హిస్టరీ పిల్లలు అనుమతి తీసుకుని అలాంటి రాతికి అచ్చు తీయడం నేర్చుకుంటారు. రాతిని బ్రష్షుతో, నీళ్లతో శుభ్రం చేస్తారు. తడిపిన కాగితాన్ని ముడత పడకుండా దాని మీద పరిచి, గట్టి కుచ్చుల బ్రష్షుతో మెల్లగా కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగిపోతుంది. తడి కాస్త ఆరాక సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన తడతారు. గుంటల్లోకి సిరా దిగదు కాబట్టి నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. అప్పుడు కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతారు. ఎవరో ఒకావిడ దేవుడికి అఖండ దీపం పెట్టించింది, దానికి నెయ్యి పోసే బాధ్యతతో ఇన్ని గొర్రెలనో ఇన్ని ఆవులనో పశువులు కాసే ఒక బోయకు అప్పగించింది అని ఉంటుంది. ఆవిడ ఎవరు, ఆ పశువులు ఆవిడ సొంతమా, ఆ బోయ కుటుంబానికి దీనివల్ల ఏం దక్కింది? ఈ ప్రశ్నలు పుట్టిన దగ్గర చరిత్ర చదువు మొదలవుతుంది. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు దానికి పనిముట్లు మాత్రమే.

రెండో పని ఆర్కైవ్స్‌కు, అంటే పాత ప్రభుత్వ రికార్డులు దాచే చోటికి, వెళ్లడం. 1953 దాకా మనం మద్రాసు ప్రభుత్వం కింద ఉన్నాం కాబట్టి పాత గోదావరి జిల్లాకు సంబంధించిన రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, కేటలాగు వెతకడం, చీటీ రాసి ఫైలు తెప్పించుకోవడం, పెళుసెక్కిన కాగితాన్ని చిరగకుండా తిప్పడం నేర్పే డిపార్ట్‌మెంట్ అయితే కళ్లు మూసుకుని పంపండి. అలాంటి పని చేసిన పిల్లకు ఒక విద్య చేతికొస్తుంది. కుప్పలుగా ఉన్న కాగితాల్లోంచి కావలసిన విషయం తీయడం, అందులో నిజమెంతో తేల్చడం, దాన్ని ఇతరులకు అర్థమయ్యేలా రాయడం. పత్రికాఫీసులకు, లా చదువుకు, మ్యూజియాలకు, ప్రభుత్వ ఉద్యోగానికి అన్నిటికీ పనికొచ్చేది ఇదే.

ఎం.ఏ.లో డిసర్టేషన్ (విద్యార్థి సొంతంగా రాసే పరిశోధన వ్యాసం) ఉంటే దాని అంశాల జాబితా అడిగి తీసుకోండి. డెల్టా పిల్లలకు విషయాలకేం తక్కువండి? ఆదుర్రు స్తూపం మీకు దగ్గర్లోనే ఉంది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. నరసాపురంలో డచ్చివాళ్లు వ్యాపారం చేశారు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్లు వేలమంది రంగూన్ వెళ్లి మిల్లుల్లో, రేవుల్లో కూలి చేశారు. 1942లో యుద్ధం ముంచుకొస్తే ఎంతోమంది నడిచి తిరిగొచ్చారు. వాళ్లు దాచుకున్న కాగితాలు, చెప్పిన కబుర్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. వాటిని రాసిపెట్టే పని ఇక్కడి పిల్లలు చేయకపోతే ఇంకెవరూ చేయరు.

మీ తోటకు నీళ్లెక్కడివో ఒకసారి ఆలోచించండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర పేరు మనకు నోటికొచ్చు. వైనతేయ మీదుగా మీవైపు లంకకు నీరు మోసిన పి.గన్నవరం పాత అక్విడెక్టూ (నది మీదుగా కాలువను దాటించే వంతెన) మీరు రోజూ చూసేదే. కానీ ఆ కాలువలు తవ్విన కూలీలు ఏ ఊళ్ల నుంచి వచ్చారు, ఆనకట్టకు ముందు మీ ఊళ్లో ఏం పండేది, నీరొచ్చాక శిస్తు ఎంత పెరిగింది అని అడిగితే మీరూ నేనూ చెప్పలేం. 1878లో హెన్రీ మోరిస్, 1907లో హెమింగ్‌వే ఈ జిల్లా గురించి పెద్ద పుస్తకాలు రాశారు. ఇద్దరూ ఇంగ్లీషు అధికారులే. వాళ్ల దృష్టి శిస్తు మీద, పరిపాలన మీద. మన వైపు నుంచి రాయాల్సింది చాలా మిగిలింది.

ఈ పని మన నేలకు కొత్తది కూడా కాదు. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన 1922లోనే రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. అందులో భావరాజు వెంకట కృష్ణారావు గారు వకీలు, రాళ్లబండి సుబ్బారావు గారు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పిన మాస్టారు. పత్రిక నడిపారు, తామ్రశాసనాలు, నాణేలు సేకరించారు, కాకతీయ సంచిక, రెడ్డి సంచిక వెలువరించారు. గోదావరి గట్టు దగ్గర రాళ్లబండి సుబ్బారావు గారి పేరుతో ఉన్న మ్యూజియంకు ఒక ఆదివారం అమ్మాయితో కలిసి వెళ్లండి. తను మీకు చూపిస్తూ చెబుతుంటే వినండి. నేను ఎన్ని పేజీలు రాసినా రాని నమ్మకం మీకు ఆ గంటలో వస్తుంది.

పూర్వ విద్యార్థుల దగ్గరికి వస్తే, వార్తాలేఖలో ఒక కలెక్టర్ గారి ఫొటో పెద్దగా వేసి ఉంటారు. సంతోషమే, కానీ మీకు కావలసింది ఆ ఫొటో కాదు. గత నాలుగైదేళ్లలో చదువు పూర్తి చేసినవాళ్లు, అందులోనూ అమ్మాయిలు, ఇప్పుడెక్కడున్నారు అన్నది కావాలి. డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి అడగండి, లేదా అమ్మాయితో అడిగించండి. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒకరు, రెసిడెన్షియల్ కాలేజీలో ఒకరు, పీహెచ్‌డీలో ఇద్దరు, పత్రికలో ఒకరు అని పేర్లతో సహా చెప్పగలిగితే అది బతికున్న డిపార్ట్‌మెంట్. ఎవరికీ ఏమీ తెలియదంటే ఆ సమ్మేళనం ఒట్టి భోజనాల కార్యక్రమం అనుకోవాలి. ఇంకో మాట. పాత విద్యార్థులు జూనియర్లకు నెట్ పుస్తకాలు పంపడం, ఆర్కైవ్స్‌కు వెళ్తే బస చూపించడం, నోటిఫికేషన్ పడితే గ్రూపులో పెట్టడం చేస్తుంటారు. ఇలాంటివి వార్తాలేఖలో రావు, కానీ పల్లె నుంచి వెళ్లిన పిల్లకు అసలు అండ అదే.

ఇప్పుడు బావమరిది గారి సలహా. దీని గురించి కాస్త గట్టిగానే మాట్లాడాలి. ఎందుకంటే ఈ నాలుగైదేళ్లలో మన గోదావరి జిల్లాల్లో ఇది ఫ్యాషన్ అయిపోయింది. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు సాఫ్ట్‌వేర్, బీఏ చదివినవాళ్లకు అశోక్‌నగర్. సివిల్స్‌కు దరఖాస్తు చేసేవాళ్లు దేశం మొత్తం మీద పది లక్షల పైమాటే. 2023 పరీక్షలో చివరికి ఎంపికైంది 1016 మంది. ఈ లెక్క కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనబడదు. ఎంపికైనవాళ్ల ముఖాలే కనబడతాయి. రాసేవాళ్లను నేను తక్కువ చేయడం లేదు. తమంతట తాము కావాలనుకుని, ఓడినా నిలబడగలిగే పిల్లలు తప్పకుండా రాయాలి. నా అభ్యంతరం, వేరే ఏదో చదవాలనుకునే పిల్లను పరువు కోసం అటు తోయడం మీద.

"హిస్టరీ ఎలాగూ ఆప్షనల్‌గా పనికొస్తుంది" అన్న మాట ఎంతవరకు నిజం? ఆప్షనల్ అంటే మెయిన్స్‌లో అభ్యర్థి తనకు తానుగా ఎంచుకునే సబ్జెక్టు. రెండు పేపర్లు, 500 మార్కులు. మొదటి పేపర్‌లో మొదటి ప్రశ్నే మ్యాపు. ఇరవై చోట్లు గుర్తించి ఒక్కోదానికి ముప్పై మాటల్లో రాయాలి, ఒక్కోదానికి రెండున్నర మార్కులు. కోచింగ్‌లో ఇలాంటి చోట్లను జాబితాలుగా చేసి బట్టీ పట్టిస్తారు. పరీక్షకు అది తప్పదు, వాళ్ల తప్పూ కాదు. కానీ గుంటుపల్లి బౌద్ధ గుహలంటే ముప్పై మాటలని నేర్చుకున్న పిల్లకు, ఆ కొండ ఎక్కి గుహ ముందు నిలబడి కొలతలు రాసుకున్న పిల్లకు తేడా ఉంటుంది. పరీక్ష పోతే మొదటి అమ్మాయికి ఏం మిగులుతుంది? ఇదే నన్ను బాధపెట్టే విషయం. ఇరవై ఏళ్లకు వెళ్లి, ఒకసారి ప్రిలిమ్స్ పోయి, రెండోసారి మెయిన్స్ పోయి, ఇంట్లో సంబంధాలు చూడటం మొదలై, పాతికేళ్లకు చేతిలో ఒక్క బీఏ సర్టిఫికెట్‌తో ఇంటికొచ్చిన ఆడపిల్లలు నాకు తెలుసు. చదువు మీద ప్రేమతో వెళ్లినవాళ్లే. వచ్చేటప్పటికి పుస్తకం తెరవాలంటేనే టెన్షన్. మగపిల్లలకైతే "ఇంకో అటెంప్ట్ రాయనీ" అంటారు. ఆడపిల్లకు ఆ మాట అనే ఇల్లు తక్కువ.

ఎం.ఏ. ముందు చేస్తే ఏమీ పోదు. జనరల్ కేటగిరీకే 32 ఏళ్ల దాకా రాయొచ్చు, ఆరు అటెంప్టులు ఉంటాయి. 22, 23 ఏళ్లకు ఎం.ఏ. చేతిలో ఉంటుంది, నెట్ రాసి ఉంటుంది. అప్పుడు తనకే సివిల్స్ మీద మనసైతే, కింద నిలబడే చోటు ఒకటి ఉంచుకుని రాస్తుంది.

ఇక మీతో ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఉత్తరం రెండుసార్లు చదివాను. బావమరిది ఏమన్నాడో ఉంది, నలుగురూ ఏమంటారో ఉంది, ఉద్యోగం మాట ఉంది. అమ్మాయికి హిస్టరీ ఎందుకు ఇష్టమో మాత్రం ఎక్కడా లేదు. మీరు అడగలేదు కాబట్టే రాయలేదనుకుంటున్నాను. ఐఏఎస్ కావాలని ఆ పిల్ల ఎప్పుడైనా అన్నదా? అనలేదు. వార్తాలేఖ తెచ్చి చేతిలో పెట్టింది. పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి బాగుంటుందని ఒక కోర్సు, బంధువుల ముందు గొప్పగా ఉంటుందని ఒక కోచింగ్ ఎంచడం పిల్ల చదువును మీ పరువు కింద తాకట్టు పెట్టడమే. ఇరవై ఏళ్ల పిల్ల, తనకు ఏం కావాలో ఆధారంతో సహా చూపించింది. మన ఇళ్లలో అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారు? మీరు గర్వపడాల్సిన చోట సిగ్గుపడుతున్నారు. "మా అమ్మాయి చరిత్ర పరిశోధన చేస్తోంది, మన కాలువల గురించి రాస్తోంది" అని చెప్పి చూడండి. ఊళ్లో పెద్దవాళ్లే పాత దస్తావేజులు పట్టుకుని మీ ఇంటికొస్తారు.

మీరడిగిన పోలిక ఇంతే. కోచింగ్‌కు హైదరాబాద్‌లో హాస్టల్‌తో కలిపి పెట్టే ఖర్చుతో ప్రభుత్వ యూనివర్సిటీలో రెండేళ్ల ఎం.ఏ. నిక్షేపంగా అయిపోతుంది, చివర్న డిగ్రీ ఉంటుంది. విశాఖపట్నం ఆంధ్రా యూనివర్సిటీలో హిస్టరీ, ఆర్కియాలజీ కలిసే ఉన్నాయి. శాసనాలు, తవ్వకాల వైపు మొగ్గు ఉంటే అది మంచిది, ఇంటికీ మరీ దూరం కాదు. సీటు రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష ఏపీపీజీసెట్ ద్వారా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో లైబ్రరీ, చుట్టూ ఉండే విద్యార్థుల పోటీ రెండూ పెద్దవి. పాఠాలు ఇంగ్లీషులో కాబట్టి మొదటి సెమిస్టర్ ఎవరికైనా కష్టంగానే ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. ఎం.ఏ. తర్వాత పురావస్తు పని మీద ఆసక్తి నిలిస్తే కేంద్ర పురావస్తు శాఖ వారి రెండేళ్ల పీజీ డిప్లొమా గ్రేటర్ నోయిడాలో ఉంది. రికార్డుల వైపు అయితే ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వారి కోర్సు ఉంది. అవన్నీ రెండేళ్ల తర్వాతి సంగతులు, ఇప్పుడు వాటి గురించి బెంగ వద్దు.

తొందరపడాల్సింది ఒక్కదానికే. హైదరాబాద్‌తో సహా సెంట్రల్ యూనివర్సిటీల కోసం రాసే ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ ఈమధ్య మార్చిలోనే జరుగుతోంది. దరఖాస్తులు అంతకు ముందే, డిగ్రీ ఆఖరి పరీక్షలు కాకముందే ముగుస్తాయి. ఫలితాలు వచ్చాక చూద్దామనుకుని ఏటా ఎంతోమంది ఆ అవకాశం పోగొట్టుకుంటున్నారు. కాబట్టి ఈ వారమే అమ్మాయితో కూర్చుని తేదీ చూసి దరఖాస్తు పెట్టించండి, ఏపీపీజీసెట్ కూడా రాయించండి. ఆ వార్తాలేఖలో ఏ అధ్యాపకుడి పని తనకు నచ్చిందో, డిసర్టేషన్ దేని మీద చేయాలనుకుంటోందో తననే ఒక పేజీ రాయమనండి. తెలుగులోనే రాయమనండి. అది నాకు పంపితే ఈ రెండు చోట్లలో తనకు ఏది సరిపోతుందో ఇంకా కచ్చితంగా చెప్పగలను.